కార్నెగీ, రాక్‌ఫెల్లర్ దొంగలా గొప్పోళ్ళా అని కాదు, చట్టం ఎవరి పక్కన నిలబడింది అని అడగండి

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సివిల్ వార్ (అమెరికా అంతర్యుద్ధం) అయ్యాక ముప్పై నలభై ఏళ్ళలో అమెరికాలో కంపెనీలు అంత పెద్దవి ఎలా అయ్యాయి అనేది ఒకటి, లక్షలమంది కార్మికులు ఉండి కూడా యూనియన్లు వరసపెట్టి ఎందుకు ఓడిపోయాయి అనేది రెండోది. చివర్లో "అసలు ఉక్కు కంపెనీ కార్నెగీ, నూనె కంపెనీ రాక్‌ఫెల్లర్ లాంటివాళ్ళని దోపిడీదారులు అనాలా, దేశాన్ని కట్టినవాళ్ళు అనాలా" అని కూడా అడిగారు. మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నట్టున్నారు, ఎందుకంటే కోచింగ్ నోట్స్ అన్నిట్లో ఈ ప్రశ్న ఇలాగే ఉంటది. ఆ మూడోది పక్కన పెట్టేయండి, దాంతో టైం వేస్ట్, ఎందుకో చెప్తా.

నాది స్టీల్ లైన్. విశాఖలో రోలింగ్ మిల్లులో (కాల్చిన ఉక్కుని రోలర్ల మధ్య నొక్కి సాగదీసే చోటు) పనిచేసి రిటైర్ అయ్యా, ఇప్పుడు ఏడాదిలో కొన్నాళ్ళు పిట్స్‌బర్గ్ దగ్గర మా అబ్బాయి వాళ్ళింట్లో ఉంటా. కాబట్టి ఉక్కు వైపు నుంచే ఎక్కువ రాస్తా, ఆయిలు, బ్యాంకులు కొంచెం తక్కువ వస్తాయి, ఏమనుకోకండి.

ముందు రైల్వేలతో మొదలెట్టాలి, కార్నెగీతో కాదు. 1865లో అమెరికాలో సుమారు 35 వేల మైళ్ళ లైను ఉంటే 1900 నాటికి 1 లక్షా 90 వేల మైళ్ళు దాటింది. రైల్వేకి ముందు అమెరికాలో పెద్ద కంపెనీ అంటే బట్టల మిల్లు, కొన్ని వందలమంది, మహా అయితే వెయ్యిమంది, ఓనర్ రోజూ మిల్లులో తిరిగి కళ్ళారా చూసుకునే సైజు. రైల్వే అలా కాదు, వందల మైళ్ళ పొడుగునా వేలమంది పనిచేస్తుంటారు, ఒక్క మనిషి చూసుకోలేడు, ఒకే ట్రాక్ మీద ఎదురుబదురు రైళ్ళు వచ్చి గుద్దుకోకుండా ఉండాలన్నా ఎవరు ఎవరికి రిపోర్ట్ చెయ్యాలి, ఏ రిపోర్ట్ ఎప్పుడు రావాలి అని రాతపూర్వకంగా ఉండాలి. జీతం తీసుకునే మేనేజర్లు, డివిజన్లు, సూపరింటెండెంట్లు, మనం ఇవాళ ఏ ప్లాంటులో చూసినా కనిపించే ఈ ఏర్పాటంతా ఆ దేశంలో రైల్వేలోంచి వచ్చిందే. షేర్లు, బాండ్లు కొనడం అమ్మడం అనే పెద్ద మార్కెట్ కూడా వాటి వల్లే పెరిగింది. ఇంకో చిన్న సంగతి, 1883 నవంబర్ 18న దేశం మొత్తాన్ని టైం జోన్లుగా విడగొట్టి గడియారాలు మార్పించింది గవర్నమెంటు కాదు, రైల్వే కంపెనీలే. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) దానికి చట్టం చేసింది 1918లో. ఎవరి చెయ్యి పైన ఉందో దీన్నిబట్టే తెలుస్తది.

ఇప్పుడు అసలు కిటుకు. రైల్వేలో ఖర్చంతా ముందే అయిపోతుంది. ట్రాక్ వేసారు, ఇంజన్లు కొన్నారు, బాండ్లు అమ్మి అప్పు తెచ్చారు, రైలు నడిచినా నడవకపోయినా వడ్డీ కట్టాల్సిందే. అదే రెండూళ్ళ మధ్య ఇంకో కంపెనీ కూడా లైను వేసిందనుకోండి, ఖాళీ వ్యాగన్ తిప్పే బదులు ఎంతో కొంతకి లోడ్ ఎత్తుకుంటే నయం కదా అని ఒకడు రేటు తగ్గిస్తాడు, రెండోవాడు ఇంకా తగ్గిస్తాడు, చివరికి ఇద్దరూ దివాలా. దీని నుంచి బయటపడటానికి వాళ్ళు చేసింది మన కాంట్రాక్టర్లు టెండర్లలో చేసేదే, రింగ్ అయ్యారు. సరుకు నీకింత నాకింత అని పంచుకోవడం, రేటు ఇంతకి తగ్గకూడదని ఒప్పందం. కానీ రింగుతో ఒక చిక్కుంది, అందులో ఒకడు రాత్రికి రాత్రి దొంగచాటుగా డిస్కౌంట్ ఇస్తే వాణ్ణి కోర్టుకి లాగలేరు, ఎందుకంటే అలాంటి ఒప్పందాన్ని కోర్టు అమలు చెయ్యదు. అందుకే పెద్దోళ్ళకి అర్థమైంది ఏంటంటే పోటీదారుతో ఒప్పందం పెట్టుకునే కన్నా పోటీదారుని కొనేస్తే పోతుంది. పెద్ద కంపెనీలు పుట్టడానికి దురాశ ఒక్కటే కారణం అని రాసేవాళ్ళు ఈ పాయింట్ వదిలేస్తారు. దురాశ అన్ని కాలాల్లోనూ ఉంది. ముందే పెట్టేసిన పెట్టుబడి ఇంత భారీగా ఉండటం మాత్రం కొత్త.

రాక్‌ఫెల్లర్ ఇది అందరికన్నా ముందు పట్టుకున్నాడు. 1870లో క్లీవ్‌లాండ్‌లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టాడు. రోజూ ఇంత సరుకు ఖాయంగా ఇస్తా, నాకు కిరాయిలో డిస్కౌంట్ వెనక్కి ఇవ్వండి అని రైల్వేలతో బేరం. 1872లో ఇంకో అడుగు ముందుకేసి, పోటీవాళ్ళు సరుకు పంపితే వాళ్ళు కట్టిన కిరాయిలోంచి కూడా తనవాళ్ళకి కొంత వచ్చేలాగ సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పేరుతో ప్లాన్ వేసారు! అది బయటికి పొక్కి గొడవై రద్దయింది, కానీ ఆ భయం ఉన్న కొద్ది వారాల్లోనే క్లీవ్‌లాండ్‌లో 26 రిఫైనరీలుంటే 22 ఆయన చేతిలోకి వచ్చేసాయి. 1880 నాటికి దేశంలో శుద్ధి చేసే నూనెలో 90 శాతం దాకా ఆయనదే. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన కంపెనీ ఇంకో రాష్ట్రంలో కంపెనీల షేర్లు పట్టుకోవడానికి చట్టం అడ్డం వచ్చేది కాబట్టి 1882లో లాయర్ శామ్యూల్ డాడ్ ఒక దారి కనిపెట్టాడు, అందరి షేర్లూ తొమ్మిదిమంది ట్రస్టీల చేతిలో పెట్టడం. ట్రస్ట్ అనే మాట అక్కణ్ణుంచే. తర్వాత 1889లో న్యూజెర్సీ రాష్ట్రం, ఒక కంపెనీ ఇంకో కంపెనీ షేర్లు నిక్షేపంగా పట్టుకోవచ్చు అని చట్టమే మార్చేసింది, ఫీజులు, పన్నులు తమ రాష్ట్రానికి వస్తాయని. ఇది గుర్తుపెట్టుకోండి, పెట్టుబడి గుంపు కట్టడానికి చట్టం అడ్డం వస్తే చట్టమే పక్కకి జరిగింది. కార్మికుల విషయంలో ఏం జరిగిందో కిందకి వచ్చాక చూద్దాం.

ఇక ఉక్కు. కార్నెగీ 1835లో స్కాట్లండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు, తండ్రి చేనేత, పవర్ మగ్గాలొచ్చి బతుకు పోయింది, 1848లో అమెరికా వలస వచ్చారు. పదమూడేళ్ళకి బట్టల మిల్లులో వారానికి 1 డాలర్ 20 సెంట్లకి చేరాడు. తర్వాత టెలిగ్రాఫ్ ఆఫీసు, తర్వాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో థామస్ స్కాట్ అనే పెద్దాయన దగ్గర పని. ఖర్చు లెక్కలు వేయడం అక్కడే నేర్చుకున్నాడు, టన్ను మైలుకి ఎంత పడింది అని. 1875లో పిట్స్‌బర్గ్ దగ్గర బ్రాడక్‌లో పట్టాల ఫ్యాక్టరీ మొదలెట్టి దానికి ఎడ్గర్ థామ్సన్ వర్క్స్ అని పేరు పెట్టాడు. ఎవరీ థామ్సన్ అంటే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్రెసిడెంటు. అంటే పట్టాలు కొనబోయే కస్టమర్ పేరే ఫ్యాక్టరీకి! పైగా ఆ స్థలం ఎంత తెలివిగా ఎంచుకున్నాడంటే మొనాంగహీలా నది, రెండు రైల్వే కంపెనీల లైన్లు అన్నీ దగ్గరే, ఏ ఒక్క రైల్వే కూడా కిరాయి విషయంలో మెడ మీద కూర్చోలేదు. 1873 తర్వాత దేశం మాంద్యంలో ఉంది, మిగతావాళ్ళు మూసుకుంటుంటే ఈయన చవకగా దొరుకుతున్నాయని కట్టుకుంటూ పోయాడు.

టెక్నికల్ సంగతి ఒకటి చెప్పాలి, ఇది తెలీకుండా కార్మికుల ఓటమి అర్థం కాదు. బెస్సెమర్ అనే ఉక్కు తయారీ పద్ధతి రాకముందు మంచి ఇనుము చెయ్యాలంటే పడ్లర్ అనే పనివాడు ఉండేవాడు. కొలిమి తలుపు దగ్గర నిలబడి పొడుగాటి ఇనప కడ్డీతో కరిగిన లోహాన్ని కలుపుతూ, మంట రంగు చూసి, ముద్ద కట్టే పదును చేతికి తెలిసి, సరిగ్గా ఆ నిమిషానికి ఉండ చేసి బయటకి లాగాలి. ఒక విడతకి మహా అయితే కొన్ని వందల కిలోలు. ఆ విద్య పుస్తకంలో ఉండదు, ఏళ్ళ తరబడి కొలిమి దగ్గర నిలబడితేనే వస్తది. కాబట్టి వాడు "ఇవాళ ఇంతే చేస్తాం, రేటు ఇంత" అంటే ఓనర్ నోరుమూసుకుని వినాల్సిందే. బెస్సెమర్ కన్వర్టర్‌లో కరిగిన ఇనుములోంచి గాలి ఊదుతారు, అందులోని కార్బన్ తనంతట తనే కాలిపోతుంది, విడిగా బొగ్గు కూడా అక్కర్లేదు, టన్నుల కొద్దీ ఉక్కు పావుగంటలో రెడీ. మా రోజుల్లో ఇది పోయి వేరే పద్ధతులు వచ్చేసాయనుకోండి, కానీ సూత్రం అదే. ఆ పావుగంటతో పాటు పడ్లర్ చేతిలో ఉన్న పట్టు కూడా పోయింది. రోలింగ్‌లో మాత్రం ఇంకా కొన్నాళ్ళు చేతి నైపుణ్యం కావాల్సొచ్చింది, అందుకే యూనియన్ అక్కడ బతికి ఉంది.

1870ల మొదట్లో టన్ను వంద డాలర్ల పైన ఉన్న ఉక్కు పట్టాలు 1898 నాటికి ఇరవై డాలర్ల లోపుకి వచ్చాయి. ఇది మామూలు విషయం కాదు, కార్నెగీని తిట్టేముందు ఈ అంకె కూడా చూడాలి.

ఇప్పుడు కార్మికుల వైపు వద్దాం. 1877లో మాంద్యంలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే జీతాలు పదిశాతం కోసింది, అంతకుముందు కోసినదాని మీద మళ్ళీ. జులైలో వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్ దగ్గర రైళ్ళు ఆపేసారు. ఎవరూ ప్లాన్ చేసింది కాదు, పెద్ద యూనియన్ కూడా లేదు, అయినా ఊరి నుంచి ఊరికి పాకిపోయింది. పిట్స్‌బర్గ్‌లో లోకల్ మిలీషియా (రాష్ట్రం అవసరమైనప్పుడు పిలిచే పౌర సైనికులు) జనం మీద కాల్చరు, వాళ్ళ వాళ్ళే కదా, అని ఫిలడెల్ఫియా నుంచి తెప్పించారు, వాళ్ళు జులై 21న కాల్చారు, సుమారు ఇరవైమంది పోయారు, ఆ రాత్రి జనం రైల్వే యార్డు మొత్తం తగలబెట్టేసారు. ప్రెసిడెంట్ హేస్ సైన్యాన్ని దింపాడు. దేశవ్యాప్తంగా వందమంది దాకా చనిపోయారని లెక్క. ఆ తర్వాత చాలా ఊళ్ళలో పెద్ద పెద్ద ఇటుక కోటల్లాంటి ఆయుధాగారాలు కట్టుకున్నారు.

తర్వాత నైట్స్ ఆఫ్ లేబర్. 1869లో ఫిలడెల్ఫియాలో గుట్టుగా మొదలైన సంఘం, నైపుణ్యం ఉన్నవాళ్ళు లేనివాళ్ళు, ఆడవాళ్ళు, నల్లజాతి వాళ్ళు అందర్నీ చేర్చుకుంది (చైనావాళ్ళని తప్ప, ఆ విషయంలో వీళ్ళూ మిగతావాళ్ళ లాంటోళ్ళే). 1885లో జే గౌల్డ్ అనే పెద్ద రైల్వే యజమాని మీద గెలిచేసరికి జనం తోసుకొచ్చి 1886లో సభ్యులు ఏడు లక్షలు అయ్యారు. అదే ఏడాది మే 1న ఎనిమిది గంటల పని కోసం దేశమంతా సమ్మె, మే 4న చికాగో హేమార్కెట్‌లో ఎవరో బాంబు వేసారు, ఏడుగురు పోలీసులు చనిపోయారు, బాంబు ఎవరు వేసారో తేలకుండానే ఎనిమిదిమందికి శిక్ష వేసి నలుగుర్ని ఉరితీసారు. మన దగ్గర జెండా ఎగరేసే మే డే పుట్టింది ఇక్కడే, అమెరికాలో మాత్రం ఆ రోజు సెలవు కూడా లేదు. నైట్స్ సంఘం ఆ దెబ్బకి కుదేలైంది, 1886 డిసెంబర్‌లో చుట్టలు చుట్టే పనివాడు శామ్యూల్ గాంపర్స్ నాయకత్వంలో ఏఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్) వచ్చింది, వాళ్ళది వేరే లైను, పనితనం ఉన్నవాళ్ళనే కూడగట్టి జీతం, గంటలు, అంతవరకే.

ఇక హోమ్‌స్టెడ్, 1892. దీన్ని కొంచెం నెమ్మదిగా చదవండి.

పిట్స్‌బర్గ్ పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లు కార్నెగీ 1883లో కొన్నాడు. అక్కడ అమాల్గమేటెడ్ అసోసియేషన్ అనే యూనియన్ బలంగా ఉంది. అయితే 3,800 మంది పనివాళ్ళలో యూనియన్‌లో ఉన్నది 800 మంది దాకా, అందరూ పనితనం ఉన్నవాళ్ళు. మిగతా మూడువేలమందిలో ఎక్కువ శాతం స్లొవాకియా, హంగరీ వైపు నుంచి వచ్చినవాళ్ళు, గంటకి పద్నాలుగు సెంట్ల కూలీ. పనితనం ఉన్నవాళ్ళ జీతం రేటు ఉక్కు బిల్లెట్ (రోలింగ్‌కి వెళ్ళే ఉక్కు దిమ్మ) ధరతో పాటు పెరిగేది తగ్గేది, కానీ ధర ఎంత పడినా లెక్క మాత్రం టన్నుకి 25 డాలర్ల కింద కట్టకూడదని అగ్రిమెంట్. అది 1892 జూన్ 30కి అయిపోతుంది. కంపెనీ 22 అంది, తర్వాత 23కి వచ్చింది, యూనియన్ 24కి దిగింది. ఒక్క డాలర్ తేడా! డబ్బు గొడవే అయితే సాయంత్రానికి తేలిపోయేది. అసలు సంగతి ఏంటంటే ఏప్రిల్‌లోనే కార్నెగీ ఒక నోటీసు డ్రాఫ్ట్ రాసి పంపాడు, ఇకమీదట ఈ మిల్లులో యూనియన్ ఉండదు అని. పంపి, తను స్కాట్లండ్ వెళ్ళిపోయాడు. ఊళ్ళో మిగిలింది కంపెనీ నడిపే హెన్రీ క్లే ఫ్రిక్, కోక్ (ఇనుము కొలిమిలో వాడే బొగ్గు) వ్యాపారంలో స్ట్రైకులు అణిచి పేరు తెచ్చుకున్న మనిషి.

ఫ్రిక్ మాటలు జరుగుతుండగానే మిల్లు చుట్టూ మూడు మైళ్ళ పొడుగున ఎత్తైన చెక్క గోడ కట్టించాడు, పైన ముళ్ళ తీగ, మధ్యలో కన్నాలు. జనం దానికి ఫోర్ట్ ఫ్రిక్ అని పేరు పెట్టారు. తర్వాత లాకౌట్. ఇక్కడే కంపెనీ లెక్క తప్పింది, యూనియన్‌లో లేని మూడువేలమంది కూడా మీటింగ్ పెట్టుకుని వీళ్ళతో నిలబడ్డారు. ఊరు మొత్తం కార్మికుల చేతిలోకి వచ్చింది, మేయరు లాంటి పదవిలో ఉన్న జాన్ మెక్‌లకీ కూడా మిల్లు పనివాడే.

జులై 6 తెల్లవారుజామున 300 మంది పింకర్టన్ ప్రైవేటు గార్డుల్ని రెండు పడవల్లో నది మీదుగా రహస్యంగా తెచ్చారు. కాపలా ఉన్నవాళ్ళు చూసి ఈలలు మోగించారు, ఆడా మగా పిల్లలతో సహా ఒడ్డుకి పరిగెత్తారు. ఎవరు ముందు కాల్చారో ఇప్పటికీ తగువే. పొద్దున నుంచి సాయంత్రం దాకా కాల్పులు, మధ్యలో పాత ఫిరంగి తెచ్చి పేల్చారు, నీళ్ళ మీద నూనె పోసి తగలబెట్టాలని చూసారు, డైనమైట్ విసిరారు. పడవలు లాక్కొచ్చిన స్టీమర్ వదిలేసి వెళ్ళిపోయింది, గార్డులు ఇరుక్కుపోయారు, చాలామందికి అసలు ఎక్కడికి తీసుకొస్తున్నారో కూడా ముందు చెప్పలేదు పాపం. సాయంత్రం లొంగిపోయారు, జనం వాళ్ళని రెండు వరసల మధ్య నడిపించి చితక్కొట్టారు. రెండువైపులా కలిపి పదిమంది దాకా చనిపోయారు, ఎక్కువమంది కార్మికులే.

అంటే ఆ రోజు కార్మికులు గెలిచారు, అది మర్చిపోకండి. ఓడిపోయింది ఆరు రోజుల తర్వాత. గవర్నర్ ప్యాటిసన్ 8 వేలమందికి పైగా స్టేట్ మిలీషియాని పంపాడు. జనం బ్యాండుతో స్వాగతం చెప్పడానికి కూడా రెడీ అయ్యారు, ఇది మన గవర్నమెంటే కదా న్యాయం చేస్తది అని. మిలీషియా వచ్చి చేసింది మిల్లు గేట్లు కంపెనీకి అప్పగించడం. ఆ కాపలాలో కొత్తవాళ్ళని లోపలికి తెచ్చుకుని కొలిములు వెలిగించారు. తర్వాత కేసులు, హత్య, అల్లర్లు, అవి చాలక రాష్ట్రం మీద దేశద్రోహం అని కూడా పెట్టారు! జ్యూరీలు దేశద్రోహం కింద ఒక్కరికీ శిక్ష వెయ్యలేదు, కానీ బెయిళ్ళకి, లాయర్లకి యూనియన్ డబ్బు మొత్తం ఊడ్చుకుపోయింది. జులై 23న అలెగ్జాండర్ బెర్క్‌మన్ అనే అనార్కిస్టు (అసలు ప్రభుత్వమే వద్దనేవాడు), యూనియన్‌తో ఏ సంబంధం లేనివాడు, ఆఫీసులోకి దూరి ఫ్రిక్‌ని కాల్చాడు, ఫ్రిక్ బతికాడు, జనం సానుభూతి మాత్రం కార్మికుల నుంచి పోయింది. నవంబర్ 20న సమ్మె ముగిసింది. నాయకుల పేర్లు బ్లాక్‌లిస్టులోకి ఎక్కాయి. పన్నెండు గంటల షిఫ్ట్ స్థిరపడింది, పైగా పగలు రాత్రి షిఫ్టులు మారే రోజున ఇరవైనాలుగు గంటలు ఏకబిగిన. నేను కూడా రిలీవర్ రాక డబుల్ డ్యూటీ చేసినవాణ్ణే, రోలింగ్ మిల్లు వేడిలో పదహారో గంటకి మనిషి చెయ్యి చెప్పిన మాట వినదు, ఇరవైనాలుగు గంటలంటే నాకు ఊహకి కూడా అందదు. ఈ పన్నెండు గంటల పని అమెరికా స్టీల్‌లో 1923 దాకా పోలేదు. కంపెనీ లాభం 1892లో 40 లక్షల డాలర్లు, 1900లో 4 కోట్లు. 1901లో బ్యాంకర్ జేపీ మోర్గాన్ కార్నెగీ నుంచి 48 కోట్ల డాలర్లకి కొనేసి మిగతా కంపెనీలన్నీ కలిపి యూఎస్ స్టీల్ పెట్టాడు, పెట్టుబడి 140 కోట్లు, ప్రపంచంలో మొదటి బిలియన్ డాలర్ కంపెనీ.

విచిత్రం ఏంటంటే ఇదే కార్నెగీ 1886లో ఒక పత్రికలో రాసాడు, యజమానులకి సంఘాలు పెట్టుకునే హక్కు ఎంత పవిత్రమో కార్మికులకి యూనియన్ పెట్టుకునే హక్కూ అంతే పవిత్రం అని. మాట చక్కగా ఉంది. నా సమాధానం మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే అమెరికన్ చట్టం ఆ రోజుల్లో సరిగ్గా దానికి ఉల్టా నడిచింది.

1895 సంవత్సరం ఒక్కటి చూడండి చాలు. 1890లో షెర్మన్ చట్టం చేసారు, వ్యాపారాన్ని అడ్డుకునే గుత్తాధిపత్యాల మీద, ట్రస్టుల మీద కోపంతో చేసిన చట్టం. 1895 జనవరిలో అమెరికన్ షుగర్ కంపెనీ కేసు, ఈ.సీ.నైట్ కేసు అంటారు, సుప్రీంకోర్టుకి వచ్చింది. ఆ కంపెనీ చేతిలో దేశంలో చక్కెర శుద్ధి 98 శాతం ఉంది. కోర్టు ఏమందంటే, చక్కెర తయారుచెయ్యడం ఉత్పత్తి, అది రాష్ట్రాల మధ్య వ్యాపారం కిందకి రాదు, ఫెడరల్ (కేంద్ర) చట్టం పనిచేసేది ఆ వ్యాపారం మీదే, కాబట్టి ఈ చట్టం వర్తించదు. సరే. దీనికి ఆరు నెలల ముందు, 1894లో, చికాగో పక్కన పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ జీతాలు పాతిక శాతం దాకా కోసింది, కంపెనీ ఊళ్ళో కంపెనీ ఇళ్ళకి అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. కార్మికులు సమ్మె చేసారు, యూజీన్ డెబ్స్ నాయకత్వంలో అమెరికన్ రైల్వే యూనియన్ పుల్‌మన్ పెట్టెలున్న రైలు మేం ముట్టుకోం అంది, పడమటి వైపు రైళ్ళు ఆగిపోయాయి. అటార్నీ జనరల్ రిచర్డ్ ఓల్నీ, అంతకుముందు రైల్వేల లాయరు, పదవిలో ఉండగా కూడా ఒక రైల్వే కంపెనీ నుంచి ఫీజు అందుతున్న మనిషి, కోర్టుకెళ్ళి సమ్మె ఆపమని ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చాడు. ఏ చట్టం కింద? పోస్టల్ మెయిల్ ఆగిపోతోందని ఒకటి, రెండోది ఆ షెర్మన్ చట్టమే! రాష్ట్ర గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ వద్దని మొత్తుకుంటున్నా ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ సైన్యాన్ని దింపాడు. డెబ్స్‌కి కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల జైలు. 1895 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది సబబే అంది.

మళ్ళీ చదవండి ఆ రెండూ. 98 శాతం చక్కెర ఒక కంపెనీ చేతిలో ఉంటే ఫెడరల్ గవర్నమెంటు చేతులు కట్టేసినట్టు, రైల్వే కార్మికులు పెట్టె ముట్టుకోం అంటే అదే గవర్నమెంటు చేతులు ఎంత పొడుగైనా సాగుతాయి. న్యాయపరంగా రెండిటికీ వేరు వేరు కారణాలు రాసారనుకోండి, లాయర్లు వచ్చి నాకు క్లాసు పీకొద్దు, ఫలితం మాత్రం ఇదే. 1908లో డాన్‌బరీ టోపీల కేసులో అయితే బాయ్‌కాట్ చేసినందుకు యూనియన్ సభ్యుల సొంత ఆస్తుల మీదకే వచ్చారు, అదీ షెర్మన్ చట్టం కిందే. అందుకే మొదట్లో అన్నా, దొంగలా గొప్పోళ్ళా అన్న ప్రశ్నలో పస లేదని. కార్నెగీ మంచోడైనా చెడ్డోడైనా ఆ మిలీషియా వచ్చేదే, ఆ ఇంజంక్షన్ వచ్చేదే. పెద్దవాళ్ళవ్వడానికి ఇద్దరూ ప్రయత్నించారు, ఒకరికి మాత్రమే పర్మిషన్ ఉంది.

అలాగని కార్మికుల్లో లోపాలు లేవని కాదు. పనితనం ఉన్నవాళ్ళు కూలీల్ని చిన్నచూపు చూసారు, చాలా యూనియన్లు నల్లజాతి వాళ్ళని రానివ్వలేదు, వాళ్ళనే కంపెనీలు సమ్మె టైంలో పనికి తెచ్చుకుంటే మళ్ళీ వాళ్ళ మీదే పగ. చైనావాళ్ళ సంగతి మరీ ఘోరం. 1867లో సియెరా కొండల్లో రైల్వే సొరంగాలు తవ్వుతున్న వేలమంది చైనా కార్మికులు తెల్లవాళ్ళతో సమానంగా జీతం అడుగుతూ ఎంతో క్రమశిక్షణగా సమ్మె చేసారు, కంపెనీ కొండ మీదకి తిండి సరఫరా ఆపేసింది, వారం రోజుల్లో అయిపోయింది. మిగతా కార్మికులు ఎవరూ పలకలేదు, పైగా 1882లో చైనా కార్మికుల్ని దేశంలోకి రానివ్వద్దని చట్టం చేస్తే సంఘాలే చప్పట్లు కొట్టాయి.

"ధరలు తగ్గాయి కదా, నిజ వేతనాలు పెరిగాయి కదా, మరి కార్మికుల బాధ ఏంటి" అని కూడా మీరు రాసారు. నిజమే, పెరిగాయి. గాలన్ 26 సెంట్లున్న కిరసనాయిలు 1885 కల్లా 8 సెంట్ల దగ్గరికొచ్చింది, డబ్బాల్లో మన ఇండియా దాకా వచ్చి దీపాలు వెలిగించింది కూడా. యూరప్ నుంచి లక్షలమంది ఊరికే రాలేదు. కానీ జీతం ఒక్కటే లెక్క కాదు. పిట్స్‌బర్గ్ ఉన్న అలగెనీ కౌంటీలో 1906 జులై నుంచి 1907 జూన్ దాకా ఒక్క ఏడాదిలో పనిలో చనిపోయినవాళ్ళు 526 మంది, అందులో 195 మంది స్టీల్‌లో. ఒకే ఒక్క కౌంటీ! నష్టపరిహారం అడిగితే కోర్టులు ఏమనేవంటే, ప్రమాదం ఉందని తెలిసే కదా చేరావు అని, లేదా పక్కనున్న తోటి పనివాడి తప్పు, యజమానిది కాదు అని. సేఫ్టీ కమిటీలో కొన్నాళ్ళు కూర్చున్నవాణ్ణి, చెప్తున్నా, మరణానికి కంపెనీ డబ్బు కట్టాల్సిన రోజు రానంత వరకు యంత్రానికి గార్డు పడదు. అక్కడ కూడా 1910 తర్వాత రాష్ట్రాలు పరిహారం చట్టాలు చేసాకే సేఫ్టీ అనే మాట గట్టిగా వినపడింది.

లైబ్రరీల గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి, అవును, కార్నెగీ ప్రపంచమంతా 2,500 దాకా లైబ్రరీలు కట్టించాడు, ఆస్తిలో చాలా భాగం పంచేసాడు. అమెరికాలో మొదటిది 1889లో బ్రాడక్‌లోనే, హోమ్‌స్టెడ్‌లో కూడా 1898లో కట్టాడు, సమ్మె ఓడిపోయిన ఆరేళ్ళకి. పన్నెండు గంటలు పనిచేసొచ్చినవాడు ఎప్పుడు చదవాలి అని అప్పట్లోనే కార్మికులు అడిగారు. నా అభిప్రాయం, రెండూ నిజమే, భవనాలు ఇప్పటికీ బాగున్నాయి, ప్రశ్న కూడా బాగుంది.

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే మనవాళ్ళు చాలామంది దర్శనం చేసుకుని పులిహోర తిని వెళ్ళిపోతారు. అక్కణ్ణుంచి కారులో కాసేపే, బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ ప్లాంటు ఇంకా నడుస్తోంది, హోమ్‌స్టెడ్ మిల్లు పోయి షాపింగ్ సెంటర్ అయింది, పన్నెండు ఇటుక చిమ్నీలు మాత్రం ఉంచారు. పింకర్టన్లు దిగిన చోట పంప్‌హౌస్ ఉంది, బయట నుంచి చూడొచ్చు.

ఇక పరీక్షలో దీన్ని ఎక్కడ ఆపాలంటే 1900 దగ్గర ఆపకండి, 1937 దాకా లాగండి. 1932లో నారిస్ లాగార్డియా చట్టం సమ్మెల మీద ఇంజంక్షన్లకి కళ్ళెం వేసింది, 1935లో వాగ్నర్ చట్టం యూనియన్ పెట్టుకోవడాన్ని హక్కు చేసి యజమాని బేరానికి కూర్చోవాల్సిందే అంది. 1937 మార్చిలో యూఎస్ స్టీల్ సమ్మె కూడా లేకుండా యూనియన్‌తో సంతకం పెట్టింది, హోమ్‌స్టెడ్‌తో సహా, నలభై అయిదేళ్ళ తర్వాత. ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్ కంపెనీయే అయిన జోన్స్ అండ్ లాఫ్లిన్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు వాగ్నర్ చట్టం చెల్లుతుందని చెప్పింది. కంపెనీ వాదన ఏంటో తెలుసా, ఉక్కు తయారుచెయ్యడం ఉత్పత్తి, అది రాష్ట్రాల మధ్య వ్యాపారం కిందకి రాదు అని, సరిగ్గా 1895 చక్కెర కేసులో గెలిచిన వాదన. ఈసారి 5-4తో ఓడిపోయింది. మీ జవాబులో ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి రాస్తే మిగతాది దానంతటదే వస్తది. 1919 స్టీల్ సమ్మె కావాలంటే విడిగా అడగండి, అది ఇందులో ఇరికిస్తే పాడవుతుంది.